గృహహింస కేసులో ఒక చెల్లికి తోడుగా ఏడు నెలలు: నా అనుభవం

2025 మార్చి 9, ఆదివారం. ఆరాధన ముగిసి మేము చాపలు చుడుతుంటే ఆమె ఒక్కతే వెనక ఉండిపోయింది. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చి, "అక్కా, ఈసారి ప్రార్థన చేసి పంపించబాక. నన్ను ఎక్కడికన్నా చేర్చు" అంది. ఇంకేమీ చెప్పలేదు. ఎడమ చెవి వెనక వాపు కనపడకుండా కొంగు కప్పుకుని ఉంది.

ఆ రోజు నుంచి అక్టోబరు దాకా మా చర్చి స్త్రీల సమాజం ఆమెతో కలిసి తిరిగిన తిరుగుడు ఇది. ఆమెను ఇక్కడ చెల్లి అనే రాస్తాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను. మాది టంగుటూరు చుట్టుపక్కల పొగాకు పల్లెల్లో ఒకటి, అంతకు మించి గుర్తులు చెప్పను. ఇంకో సంఘంలో ఇంకో చెల్లి ఇదే మాట అడిగితే, ఏ రోజు ఏం జరుగుతుందో అక్కడి వాళ్ళకు ముందే తెలిసి ఉండాలని రాస్తున్నాను.

ముందు మా తప్పు చెప్పాలి. 2023లో ఆమె ఇదే బాధ సంఘ పెద్దలకు చెప్పుకుంది. వాళ్ళు ఇద్దరినీ కూర్చోబెట్టారు. భర్త ఏడ్చాడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకమీదట నా భార్య మీద చెయ్యి చేసుకోను, మేమిద్దరం సఖ్యంగా కాపురం చేసుకుంటాం" అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, మోకాళ్ళ మీద ప్రార్థన చేసి ఇంటికి పంపారు. ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయంలో భార్యలు లోబడి ఉండాలన్న 22వ వచనం ఆ రోజు రెండుసార్లు చదివారు. మూడు వచనాల తర్వాత భర్తకు చెప్పిన 25వ వచనం దాకా ఎవరూ రాలేదు. పదకొండో రోజు మళ్ళీ కొట్టాడు. ఈసారి సంఘంలో పరువు తీసిందన్న కోపం కూడా తోడైంది. ఆమె మాకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో అప్పటికే చూసేసింది.

ఇద్దరి మధ్య మాట పట్టింపు వస్తే పెద్దమనుషులు సర్దొచ్చు. ఒకరు కొడుతూ, ఇంకొకరు భయపడుతూ బతికే చోట సర్దేదేమీ ఉండదు. కొట్టేవాడి ఎదురుగా కూర్చోబెట్టి "నీ బాధ చెప్పమ్మా" అంటే ఆమె నిజం చెప్పలేదు. చెప్పినా రాత్రికి ఇంట్లో దానికి లెక్క కట్టాల్సింది ఆమే.

అందుకని మార్చి 9 సాయంత్రం పాస్టరు గారు, పాస్టరమ్మ గారు, నేను, సమాజం కోశాధికారి నలుగురమే కూర్చుని మూడు మాటలు అనుకున్నాం. భర్తకు ఫోన్ చెయ్యకూడదు. ఆమె బయటపడే దాకా పెద్దల సభలో ఈ సంగతి పెట్టకూడదు. ఆమె ఒప్పుకోకుండా ఒక్క అడుగు వెయ్యకూడదు. మూడోది పాటించడం అన్నిటికంటే కష్టమైంది. మాకు మరునాడే తీసుకెళ్ళాలని ఉంది. ఆమె మాత్రం పిల్లల పరీక్షలు అయ్యాకే కదులుతానంది. ఇల్లు వదిలే సమయమే అన్నిటికంటే ప్రమాదమైనదని ఈ పని చేసేవాళ్ళందరూ చెబుతారు. ఆయన కోపం ఎప్పుడు ఎట్టా ఉంటుందో మాకంటే ఆమెకే తెలుసు. కాబట్టి రోజు ఆమే ఎంచుకోవాలి.

మరునాడు 181కి ఫోన్ చేశాం. అది మహిళల హెల్ప్‌లైను, పగలూ రాత్రీ పనిచేస్తుంది. పేరు చెప్పకుండానే వివరాలు అడగొచ్చు. ప్రాణం మీదికొస్తే 112. "మనం కలగజేసుకుంటే మన మీదే కేసు పెడతాడేమో" అని కోశాధికారి భయపడింది. 2005 గృహహింస చట్టం నాలుగో సెక్షను ఆ భయం తీర్చింది. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి (ఈ చట్టం కోసం ప్రభుత్వం నియమించే అధికారి) తెలపొచ్చు, మంచి ఉద్దేశంతో తెలిపినవారి మీద ఏ బాధ్యతా పడదు. ఈ ఒక్క సెక్షను ప్రతి పాస్టరు గారికీ, ప్రతి మసీదు కమిటీకీ, ప్రతి గుడి ధర్మకర్తకూ తెలిసి ఉండాలి.

మార్చి 21న దెబ్బ తగిలింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల ఉపవాస కూడికలో ఒక పెద్దామె, మంచి మనసుతోనే, ఆమె పేరు పెట్టి "ఆ ఇంట్లో శాంతి కలుగజెయ్యి ప్రభువా" అని గట్టిగా ప్రార్థించింది. ఎవరు చెప్పారో, ఎట్టా తెలిసిందో మాకిప్పటికీ తెలీదు. భర్త మేనత్త ఆ కూడికలోనే ఉంది. రాత్రి ఎనిమిదింటికల్లా సంగతి అతని చెవిన పడింది. చెల్లి ఫోన్ లాక్కున్నాడు, నాలుగు రోజులు బయటికి రానివ్వలేదు. ఆ నాలుగు రోజులూ మాకు తిండి సహించలేదు. అప్పటినుంచి మా సంఘంలో ఇంటి గొడవల విషయంలో ప్రార్థన విన్నపాలు పేర్లతో చదవడం మానేశాం, వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా. "ఒక కుటుంబం కోసం" అని కూడా అనం, ఊళ్ళో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

ఆమె మళ్ళీ పొగాకు గ్రేడింగ్ పనికి రావడం మొదలుపెట్టాక, ఆ షెడ్డు దగ్గరే మాట్లాడుకునేవాళ్ళం. బయటపడే రోజుకు కావలసినవి ఒక్కొక్కటిగా మా కుట్టు శిక్షణ గదిలోని బీరువాలోకి చేర్చాం. పిల్లల జనన ధ్రువపత్రాలు, రేషన్ కార్డు జిరాక్సు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, డ్వాక్రా పుస్తకం, పెళ్ళి ఫొటోలు నాలుగు, శుభలేఖ ఒకటి, పిల్లలకు రెండు జతలు, చిన్నదానికి వాడే ఆయాసం మందు. అన్నీ ఒకేసారి తేకూడదు. ఆమె రోజూ అన్నం క్యారియరు పెట్టుకొచ్చే సంచి అడుగున ఒక్కో కాగితం తెచ్చింది. పాసుబుక్కు తెస్తే లేదని తెలిసిపోతుంది, అందుకే అది ఫొటో తీసి అక్కడే ఉంచేసింది.

మేము అనుకోని చిక్కు ఆధార్. కార్డు భర్త దగ్గర ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకుందామంటే ఓటీపీ వెళ్ళేది అతని నంబరుకే. ఆ ప్రయత్నం చేసి ఉంటే అతని ఫోన్ మోగేది. కొత్త సిమ్ము తీసుకుని, ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో నంబరు మార్పించుకోవాలి. అప్పటి రుసుము 50 రూపాయలు, వేరే కాగితమేమీ అడగరు. ఈ పని కూడా ఇల్లు వదిలాకే చెయ్యాలని అనుకున్నాం.

ఫోన్ విషయం కూడా అంతే. అతను వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ ద్వారా ఆమె మెసేజ్‌లు తన ఫోన్‌లో చదువుతున్నాడు. అది మా కుర్రాడొకడు కనిపెట్టాడు. వెంటనే తీసేస్తే అతనికి అనుమానం వస్తుందని అలాగే ఉంచి, అసలు మాటలన్నీ నోటితోనే నడిపాం. వదిలిన రోజు ఆ ఫోన్ ఇంట్లోనే పెట్టి వచ్చింది. 1,350 రూపాయలు పెట్టి సిమ్ముతో సహా బటన్ల ఫోన్ కొనిచ్చాం.

ఏప్రిల్ 5న అతను మణికట్టు మెలిపెట్టాడు. అంతకుముందు ఎప్పుడు దెబ్బ తగిలినా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర "జారి పడ్డా" అనే చెప్పేది. ఈసారి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. డ్యూటీ డాక్టరు గారు "ఎలా తగిలింది?" అన్నప్పుడు ఆమె నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు. కాసేపటికి "నా భర్త తిప్పాడు సార్" అంది. ఆ ఒక్క వాక్యంతో అది మెడికో లీగల్ కేసుగా నమోదైంది, గాయం సర్టిఫికెట్‌కు దారి దొరికింది. డాక్టరుకు చెప్పిన మాటే కాగితం మీదికెక్కుతుంది. జారిపడ్డానని ఒకసారి రాయిస్తే తర్వాత కోర్టులో అవతలి లాయరు ఆ చీటీనే చదువుతాడు. ఇంకొకటి కూడా ముందే తెలుసుకోవాలి: అట్టా నమోదైతే ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్తుంది. అవుట్‌పోస్టు నుంచి కానిస్టేబుల్ వచ్చి అడిగితే, "ఫిర్యాదు ఇప్పుడే ఇవ్వను, ఇంటికి ఫోన్ చెయ్యొద్దు" అని చెప్పుకుంది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు.

కమిలిన చోట ఫొటోలు అదే రోజు తీసి ఊరుకుంటే చాలదు. రెండో రోజుకు, మూడో రోజుకు నలుపు తేలుతుంది. పగటి వెలుతురులో, ముఖం కూడా కనపడేలా ఒకటి, గాయం దగ్గరగా ఒకటి తీయాలి. మా ఫోన్‌లో ఉంచాం. తర్వాత కోర్టులో పెట్టడానికి ఆ ఫోన్ ఎవరిదో వాళ్ళు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఫొటో తీసినవాళ్ళు ఫోన్ మార్చకూడదు, ఫొటో చెరపకూడదు.

ఏప్రిల్ 20 ఈస్టరు. 23న బడికి చివరి రోజు. 24 గురువారం పొద్దున అతను చీమకుర్తి క్వారీ పనికి వెళ్ళిన గంటకు ఆమె ఇద్దరు పిల్లలతో, క్యారియరు సంచితో ఎప్పట్లాగే షెడ్డు వైపు నడిచింది. మలుపులో ఆటో ఉంది. పాస్టరమ్మ గారు, నేను అందులో ఉన్నాం. పాస్టరు గారు రాలేదు. మగవాళ్ళు వస్తే "లేపుకుపోయారు" అనే మాట పుట్టిస్తారని చెల్లే చెప్పింది. పదిన్నరకు ఒంగోలులో సఖి వన్‌స్టాప్ సెంటరు చేరాం. పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఒక రోజు ముందే ఫోన్ చెయ్యాలి, మగపిల్లల వయసుకు పరిమితి ఉంటుంది. చెల్లి పెద్దోడి వయసు ముందే చెప్పి సరేననిపించుకున్నాం. అక్కడ అయిదు రోజుల దాకా ఉండొచ్చు. భోజనం, పడక, కౌన్సెలర్, పోలీసు సాయం, అన్నీ ఉచితం.

25న గృహహింస సంఘటన నివేదిక రాశారు. డి.ఐ.ఆర్. అంటారు, చట్టం నియమాల్లో అదే ఒకటో ఫారం. ఇది ఎఫ్ఐఆర్ కాదు. రక్షణ అధికారి గానీ, రిజిస్టరైన సేవా సంస్థ గానీ రాసి మెజిస్ట్రేటుకు పంపేది. మా సమాజం అట్టా రిజిస్టరైంది కాదు కాబట్టి మేము రాయలేం, తోడు వెళ్ళగలం, అంతే. మా జిల్లాల్లో ఈ పని మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరు ఆఫీసులోని గృహహింస విభాగం చూస్తుంది.

నివేదికకు రెండున్నర గంటలు పట్టింది. శారీరక, లైంగిక, మాటల ద్వారా, డబ్బు ద్వారా అని వేరు వేరు గడులు. ప్రతిదానికీ తేదీ, చోటు, ఎవరు చేశారు. తేదీలు అడిగేసరికి ఆమె తడబడింది, "ఎన్నని గుర్తుంటయ్యండీ" అంది. కౌన్సెలర్ అమ్మ కేలెండరు పక్కన పెట్టేసి, "ఆ రోజు ఊళ్ళో ఏం జరిగిందో చెప్పమ్మా" అంది. అప్పుడు ఒక్కొక్కటీ దొరికింది. పొగాకు బేళ్లు వేలానికి వెళ్ళిన రాత్రి. క్రిస్మస్‌కు ముందు శనివారం, ఇల్లు కడుగుతుంటే. చిన్నదానికి నామకరణం చేసిన మూడో రోజు. ఆవిడ పొగాకు బోర్డు వేలం తేదీ, క్రిస్మస్ వారం చూసి పక్కన తేదీలు వేసుకుంది. ముందే తెలిసుంటే మార్చి నెలలోనే ఇట్టా గుర్తు చేయించి రాసి పెట్టుకునేవాళ్ళం. మీరు ఆ పని ముందే చెయ్యండి.

లైంగిక హింస గడి దగ్గర ఆమె ఆగిపోయింది. నేల చూస్తూ ఉంది. అక్కడ నేనుండటమే అడ్డమని నాకు అర్థం కావడానికి కొన్ని నిమిషాలు పట్టింది. ఆదివారం ఆదివారం పాటలు పాడించే అక్క ముందు ఆ మాట ఎట్టా వస్తుంది? లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ముప్పావుగంటకు తలుపు తెరుచుకుంది. తర్వాత ఏం చెప్పిందో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. తోడు వెళ్ళేవాళ్ళు ఎప్పుడు బయటికి నడవాలో కూడా నేర్చుకోవాలి.

ఆ వరండాలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక ముస్లిం తల్లి కూర్చుని ఉంది. వాళ్ళ జమాత్ పెద్దలు కూతురికి మూడు నెలల ఇంటి అద్దె కట్టారట. ఈ చట్టానికి మతంతో పని లేదు. ఎవరి పెళ్ళి ఏ పద్ధతిలో జరిగినా ఒకటే.

అయిదు రోజుల తర్వాత ఎక్కడ? పుట్టింట్లో తమ్ముడు "రెండు రోజులుండి వెళ్ళక్కా" అన్నాడు. స్త్రీల సమాజం ఒంగోలులో ఒక గది తీసుకుంది, నెలకు 3,500, ఒక నెల అడ్వాన్సు. ఇంటి యజమానురాలికి నిజం చెప్పాం. చెప్పకపోతే, ఎవరన్నా వచ్చి అడిగినప్పుడు తెలియక ఆమె తలుపు తీస్తుంది. చెల్లి తాత్కాలికంగా ఉండే చోటి కోర్టులో కూడా కేసు వెయ్యొచ్చు కాబట్టి మా ఊరి వైపు రావాల్సిన పని లేకుండా పోయింది.

లాయరుకు డబ్బు కట్టలేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇచ్చాం. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సాయం వస్తుంది. ఫోన్‌లో అయితే 15100. ఆరో రోజున లాయరమ్మను కేటాయించారు. ఆవిడ మొదటి ప్రశ్న పెళ్ళి రుజువు. ఇక్కడ సంఘాలన్నీ సిగ్గుపడాల్సిన సంగతి బయటపడింది. పెళ్ళి చేసిన పాస్టరుకు పెళ్ళిళ్ళు జరిపే లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు. శుభలేఖ, ఫొటోలు, పిల్లల జనన పత్రాల్లో తండ్రి పేరు, రేషన్ కార్డు, వీటితోనే నడిపించింది. క్యారియరు సంచి అడుగున వచ్చిన కాగితాలే నిలబడ్డాయి.

మే 8న గృహహింస చట్టం 12వ సెక్షను కింద దరఖాస్తు వేశాం. కోరినవి: రక్షణ ఉత్తర్వు, పిల్లలు తన దగ్గరే ఉండటం, భరణం, స్త్రీధనం తిరిగి ఇప్పించడం. స్త్రీధనం జాబితా రాయడానికి ఒక పూట పట్టింది: రెండు సవర్ల గొలుసు, కమ్మలు, బీరువా, కుట్టుమిషను, ఇత్తడి బిందెలు. పెళ్ళి ఫొటోలో గొలుసు కనపడటం పనికొచ్చింది. దాంతోపాటు 23వ సెక్షను కింద వెంటనే మధ్యంతర రక్షణ కావాలని అఫిడవిట్ ఇచ్చాం. చట్టంలో మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు అని ఉంటుంది, అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ ఉంటుంది. మాకు నంబరు పడటానికే అయిదు రోజులు, మొదటి వాయిదాకు ఇంకో వారం. మూడు రోజులని గట్టిగా పెట్టుకుంటే మనసు విరిగిపోతుంది, ఒక నెలకు సరిపడా ఓపికతో వెళ్ళండి. మే 23న అవతలివారు రాకుండానే మధ్యంతర రక్షణ ఉత్తర్వు వచ్చింది. కొట్టకూడదు, ఆమె ఉండే చోటికి గానీ, పనిచేసే చోటికి గానీ, పిల్లల బడికి గానీ రాకూడదు, ఏ రకంగానూ మాట్లాడే ప్రయత్నం చెయ్యకూడదు. ఉత్తర్వు కాపీ కోర్టే ఉచితంగా ఇస్తుంది, పోలీసు స్టేషనుకూ వెళ్తుంది. అసలు కాపీని లామినేషన్ చేయించకండి. పది జిరాక్సులు తీసి ఆమె సంచిలో ఒకటి, బడి హెడ్మాస్టరుకు ఒకటి, ఇంటి యజమానురాలికి ఒకటి ఇచ్చాం.

నోటీసు అందడమే ఆలస్యమైంది. ఇంటికి తాళం, క్వారీ షెడ్డులో పడుకుంటున్నాడు. రెండోసారి షెడ్డు చిరునామా ఇచ్చాక జూన్ 4న అందింది. దరఖాస్తులోనే రెండు చిరునామాలూ రాసి ఉంటే పన్నెండు రోజులు కలిసొచ్చేవి.

జూన్‌లో బ్యాంకు సంగతి గుర్తుకు రావడం దేవుడి దయే. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పిల్లవాడికి 13,000 చొప్పున తల్లి ఖాతాలో పడే రోజులు. ఏటీఎం కార్డు అతని దగ్గరే ఉంది. కార్డు ఆపించి, నంబరు మార్పించి వచ్చిన మూడో రోజున ఇద్దరు పిల్లలకు 26,000 పడింది. ఆ డబ్బుతోనే బడి ఖర్చులు, గ్యాసు పొయ్యి వచ్చాయి.

జూన్ 15, ఆదివారం. అతను చర్చికొచ్చాడు. ముందు వరుసలో మోకరించి ఏడ్చాడు, సాక్ష్యం చెబుతానన్నాడు. సంఘం కదిలిపోయింది, కళ్ళు తుడుచుకోని వాళ్ళు లేరు. 2023లో కాగితం రాయించిన పెద్దాయనే లేచి, "ఈ రోజు సాక్ష్యాలు లేవు" అని పాట అందుకున్నాడు. తర్వాత పాస్టరు గారు, ఆయన కలిసి అతనితో విడిగా మాట్లాడారు. చెప్పింది ఇంతే: కోర్టు ఉత్తర్వు పాటించు, భరణం తారీఖుకు కట్టు, ఎవరి చేతా కబురు పంపకు, ఆమె వచ్చే ఆరాధనకు రాకు, నీకు వాక్యం కావాలంటే పాస్టరు గారు నీ దగ్గరికే వస్తారు. ఆయన నెలకు రెండుసార్లు వెళ్తున్నారు కూడా. క్షమించిందా లేదా అన్నది ఆమెకూ దేవుడికీ మధ్య మాట. మళ్ళీ ఒక కప్పు కింద ఉండాలా అన్నది వేరే మాట. ఈ రెంటినీ కలిపేసి "క్షమించానంటివి, మరి కాపురానికి పోవేం" అని అడిగే నోళ్ళు మా సంఘంలో ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకో విషయం పెద్దలకు లాయరమ్మే వచ్చి చెప్పింది. రక్షణ ఉత్తర్వు ఉన్నప్పుడు అతని తరఫున రాజీ కబురు మోసుకెళ్ళడం ఉత్తర్వును మీరడానికి సాయపడటమే అవుతుందని. ఆ తర్వాత మధ్యవర్తులు తగ్గారు. ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ కూడా ఆమె వద్దంది, ఎవరూ బలవంతం చెయ్యలేదు. అతని తల్లిని మాత్రం మేము వదల్లేదు. డెబ్బై దాటిన మనిషి, కొడుకు చేసినదానికి ఆమెను వెలివేసినట్టు చూడటం అన్యాయం. ఆమెకు మందులు ఎప్పట్లాగే అందుతున్నాయి.

భరణం దగ్గర తెలుసుకోవాల్సింది ఆస్తులు, అప్పుల అఫిడవిట్. 2020 నవంబరులో సుప్రీంకోర్టు రజనీశ్, నేహా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ దాఖలు చెయ్యాలి, భరణం దరఖాస్తు తేదీ నుంచే లెక్కకొస్తుంది. అతను పని లేదని రాశాడు. క్వారీ గుర్తింపు కార్డు ఫొటో, బైకు వాయిదా కడుతున్న ఆధారం ఆమె దగ్గర ఉండబట్టి అది నిలవలేదు. జూలై 14న నెలకు 6,000 మధ్యంతర భరణం వేశారు. ఒక నెల కట్టి ఆపేశాడు. అప్పుడు లాయరమ్మ 20వ సెక్షను ఆరో ఉపసెక్షను కింద, జీతంలోంచి యజమానే నేరుగా కట్టేలా ఆదేశించమని అడిగింది. సెప్టెంబరు నుంచి అట్టాగే వస్తోంది.

ఆగస్టు 18, సోమవారం సాయంత్రం అతను బడి గేటు దగ్గర కనపడ్డాడు. పెద్దోడు చూసి లోపలికే పరుగెత్తాడు. హెడ్మాస్టరు 112కి ఫోన్ చేశారు. వచ్చిన ఒక పోలీసాయన "పిల్లల్ని చూసుకోడానికి వచ్చాడు, కుటుంబ విషయం" అన్నాడు. హెడ్మాస్టరు సొరుగులోంచి ఉత్తర్వు జిరాక్సు తీసి బడి అన్న పదం కింద వేలు పెట్టి చూపించారు. మాట మారింది. 31వ సెక్షను ప్రకారం రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. కేసు కట్టారు. ఆ రాత్రి పెద్దోడు పక్క తడిపాడు, పదేళ్ళవాడు. చాలా రోజుల దాకా చెల్లికి దాని బాధే ఎక్కువ. ఆదివారపు బడి టీచర్లకు ఒకటే చెప్పాం: నాన్న గురించి అడక్కండి, వాడే చెబితే వినండి.

ఖర్చులు దాచకుండా చెబుతాను, ఇంకో సంఘానికి పద్దు వేసుకోవడానికి పనికొస్తుంది. అయిదు నెలల అద్దె, అడ్వాన్సు కలిపి 21,000. ఫోన్ 1,350. ఆటోలు, బస్సులు 1,900. ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక బస్సు ఖర్చు పోయింది, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కొడతారు. ఆ ఆధార్ తెచ్చుకోవడానికి మే నెలలో పడిన పాట్లు అప్పుడు గుర్తొచ్చాయి. జిరాక్సులు, ఫొటోలు, టైపింగు 850. మొదటి రెండు నెలల బియ్యం, సరుకులు 4,200. మొత్తం 29,300. ఆ ఏడాది వార్షికోత్సవానికి పెట్టాలనుకున్న పందిరి, భోజనాల డబ్బు ఇది. ఇప్పుడు ఆమె ఒక రెడీమేడ్ దుస్తుల కొట్లో కుట్టుపనికి వెళ్తోంది, నెలకు 8,000. అక్టోబరు అద్దె తనే కట్టింది.

ఆ స్టాంపు కాగితం మళ్ళీ వచ్చింది. అతని లాయరు కోర్టుకిచ్చిన జవాబుతో (కౌంటరు) పాటు దాన్ని జత చేశాడు, ఆమె అప్పుడు ఇష్టపూర్వకంగా రాజీపడిందని. అది చూసి చెల్లి ఒక రోజంతా మాట్లాడలేదు. మేమే అతని చేతికి ఉరితాడు ఇచ్చినట్టనిపించింది. లాయరమ్మ మాత్రం "ఇకమీదట చెయ్యి చేసుకోను" అన్న వాక్యం కింద గీత గీసింది. ఇకమీదట అంటే అంతకుముందు చేసుకున్నట్టే కదా అంది. రాయించిన పెద్దాయన సాక్షిగా రావాలని కోరింది. ఆయన రెండు వారాలు తేల్చలేదు. కోర్టు మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు, పైగా తను చేసింది తప్పని అందరి ముందూ చెప్పాలి. అక్టోబరు 13న ఆయన అఫిడవిట్ దాఖలైంది. కూర్చోబెట్టింది, ఆమె ముఖం మీద గాయం తను కళ్ళారా చూసింది, చూసి కూడా ఇంటికి పంపింది, మూడూ రాయించాడు.

అవతలి లాయరు ఆయన్ను ప్రశ్నించే వాయిదా నవంబరు 10. సంఘం మినిట్సు పుస్తకం అసలుది తెమ్మన్నారు, ఆయన ఇంట్లోంచి వెతికి తెచ్చి నాకిచ్చాడు. ఆ రోజు చెల్లి కొట్టుకు సెలవు చెప్పాలి, పిల్లల్ని బడి నుంచి తెచ్చేది ఎవరో రాసుకున్నాం, ఇద్దరి పేర్లు, ఒకరికి కుదరకపోతే ఇంకొకరు. పొగనారు నాటే రోజులు కాబట్టి పెద్దాయన తన చేలో కూలికి మనిషిని మాట్లాడుకున్నాడు.